ఆల్ టెరైన్ టైర్ల స్వయంవరము

ప్రాతఃకాల తుషారబిందువులు పార్కింగు షెడ్డు రేకులనుండి జారిజారి, నిద్రించు వాహనముల వీపులపై టపటపలాడు వేళ, పాలప్యాకెట్లవాడు వచ్చిపోయి, పేపరువాడు ఇంకను రాక, లిఫ్టు ఒక్కటియే మేలుకొని మూలుగుచున్న ఆ పుణ్యఘడియలో, ఒకానొక అపార్టుమెంటు అడుగంతస్తున, స్తంభద్వయమధ్యమున, నల్లని మేనితో, ఎత్తైన మూపుతో, చూచువారి గుండె ఝల్లుమను ఠీవితో నిలిచియుండెను ఒక ఎస్‌యూవీ. దాని చక్రములకై జరిగిన మహాసంగ్రామమును గానము చేయుటకు ఏ దేవతను వేడవలెనో తెలియక, పెట్రోలుబంకు మూలనున్న గాలికొట్టు యంత్రమునకే ముందుగా మ్రొక్కి, కథ మొదలుపెట్టుచున్నాను. నవ్వువారు నవ్వవచ్చును, లేచిపోకున్న చాలును.

ఆ వాహనమునకు అధిపతి, కృత్రిమదంతనిర్మాణధురంధరుడు, ముక్కుమీద నిలువని కళ్లద్దములవాడు, మైనపుమరకల చేతులవాడు అగు దంతశిల్పి. పళ్లడాక్టర్లు పంపు అచ్చులను చూచి, బోసినోళ్లకు సరిపడు కట్టుడుపళ్లను చెక్కి పంపుట అతని వృత్తి. అతని పళ్లు పెట్టుకొన్నవారు అద్దములో నవ్వి చూచుకొని మురిసిపోవుదురు. ఇక అతని ఎస్‌యూవీ పరాక్రమ మందురా, పుట్టి బుద్ధెరిగిన నాటినుండి అది త్రొక్కిన నేల యెల్ల తారురోడ్డే. ఇంటినుండి ఆస్పత్రికి, ఆస్పత్రినుండి ల్యాబుకు, ల్యాబునుండి సూపర్‌మార్కెట్టుకు తిరుగుటయే దాని దిగ్విజయయాత్ర. అది అధిరోహించిన అత్యున్నతశిఖరము ఆ సూపర్‌మార్కెట్టు మేడమీది పార్కింగు.

నిత్యము ఆస్పత్రికేల అందురా? అతని అర్ధాంగి అచ్చట పసికందుల వార్డులో నర్సు. నెలలు నిండకుండ పుట్టిన ప్రాణములు గాజుపెట్టెలలో నిద్రించుచుండ, వానికి మెలకువ రాకుండ ఏండ్లతరబడి గుసగుసలతోనే పనులు చక్కబెట్టి, ఆమె గొంతు సన్నబడిపోయెను. కోపము వచ్చినను ఆమె గుసగుసగానే కోపపడును. ఆమె ఇల్లు చేరువేళకు ఈయన ల్యాబులో, ఈయన ఇల్లు చేరువేళకు ఆమె నిద్రలో. ఆలుమగలు పక్కపక్కన కూర్చుండి తీరికగా మాటలాడుకొనునది ఉదయమున ఆ కారులో, ఆస్పత్రి చేరుదాక మాత్రమే. వారి కాపురమంతయు ముందువైపు రెండు సీట్లమీదనే సాగుచుండెనన్నను తప్పులేదు. అయ్యలారా, అమ్మలారా, ఈ సంగతి మీరైన గుర్తుంచుకొనుడు, మన వీరుడు మాత్రము శుభ్రముగా మరచిపోయెను.

ఎట్లు మరచెనో చెప్పెద. బంధువులింట విందు జరుగగా, వచ్చినవారందరు ఎదుటి పచ్చికమైదానమున కార్లు నిలిపిరి. భోజనముల వేళకు వాన దంచికొట్టెను. తిరుగుప్రయాణమున దంతశిల్పి తన మహావాహనమును కదల్పగా, చక్రములు గిర్రున తిరిగెనే గాని బండి అంగుళము కదలదయ్యెను. పట్టుదల హెచ్చి అతడు యాక్సిలరేటరు త్రొక్కగా, పంకధారలు ఆకసమున కెగసి, వెనుక నిలిచి నెట్టుచున్న మామగారి తెల్లచొక్కాను గోధుమరంగు చొక్కాగా మార్చెను. సరిగా అదే సమయమున, కుళాయిల వ్యాపారి యగు తోడల్లుడు తన చిట్టికారులో జుయ్యిమని పక్కనుండి సాగిపోయి, గట్టునేల చేరి, అద్దము దించెను.

"అన్నయ్యా, తాడు వేసి లాగనా? మా బండి చిన్నదే కానీ, లాగుతుందిలే."

లాగెను కూడ. మేడమీద నిలిచిన చుట్టములందరు చూచుచుండగనే, ఎలుకపిల్ల వంటి కారు ఏనుగు వంటి కారును బయటి కీడ్చెను. దంతశిల్పికి తల కొట్టేసినట్లయ్యెను. అంతట అతని అంతరంగమున ఇట్టి ప్రతిజ్ఞాఘోషము చెలరేగెను: 'ఓరీ కర్దమాధమా! నా చక్రములు నున్ననివని గదా నీకింత మదము! వజ్రకఠోరదంతపంక్తులతో భయంకరములగు సర్వభూతలసంచారసమర్థచక్రములను గొనితెచ్చి, నిన్ను నమిలి, ఉమిసి, నీ వక్షఃస్థలముపై తోడల్లుని కన్నులెదుట ముమ్మారు ఊరేగకున్న, నేను పళ్లు చెక్కినవాడనే కాను!'

పైకి మాత్రము, "టైర్లు మార్చాలి" అనెను.

"బురదలో పెట్టకపోతే సరిపోతుంది కదండీ" అనెను భార్య, తండ్రి చొక్కాకు రుమాలు అద్దుచు.

పంతము పట్టినవాని చెవికి అట్టిమాట లెక్కునా? మరునాడే దంతశిల్పి టైర్లషాపు ప్రవేశించెను. అచ్చట కప్పునంటు ఇనుపచట్రములయందు, నల్లని రబ్బరువాసన గుప్పుమనుచుండ, వరుసలు వరుసలుగ కొలువుతీరియుండిరి చక్రకుమారులు. స్వయంవరమున రాజులను వర్ణించు చెలికత్తెవలె షాపు యజమాని ముందు నడచుచు, ఒక్కొక్కదానిని అరచేత చరచి గుణగణములు పొగడదొడగెను.

"ఇది మామూలు రోడ్డు టైరు సార్. మెత్తగా పోతుంది, గొడవ చేయదు."

"వద్దు" అనెను వీరుడు, సంబంధము తప్పిపోయినవాని వంక వలె జాలిగా దానివంక చూచుచు.

"ఇది ఆల్ టెరైన్. పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. అటు రోడ్డుకీ పనికొస్తుంది, ఇటు మట్టికీ పనికొస్తుంది. ఇదిగో, ఇదీ ఆల్ టెరైనే కానీ దీని సంగతి వేరు. పక్కలదాకా పళ్లే. ఇది వేశారంటే మీ బండి గోడ కూడా ఎక్కేస్తుంది."

ఈ ఆల్ టెరైన్లలో మొదటిదానిని మనము మితదంతుడనియు, పక్కలదాక పళ్లున్న రెండవదానిని ఉగ్రదంతుడనియు పిలుచుకొందము. ఉగ్రదంతుని పళ్లు అరచేతివెడల్పు, సందులు బొటనవ్రేలు దిగబడు లోతు. దంతశిల్పి కన్నులు చెమర్చెను. వృత్తిధర్మము వెన్నుతట్టగా, అతడు సంచినుండి గిన్నెను, పొడిని, నీళ్లసీసాను తీసి, పళ్ల అచ్చులు తీయు గులాబిరంగు ముద్దను గబగబ కలిపి, ముందు మితదంతునికి, పిమ్మట ఉగ్రదంతునికి దట్టముగా మెత్తెను. ప్రపంచమున టైర్లు కొన్నవా రెందరో గలరు గాని, టైరుకు అచ్చు తీసినవాడు ఇతడొక్కడే యని నా నమ్మకము.

"ఏం చేస్తున్నారు సార్?"

"అచ్చు తీస్తున్నాను. గట్టిపడేదాకా కదిలించకండి."

యజమాని నోరు తెరచి మరల మూసికొనెను. తన పళ్లకు గూడ అచ్చు తీయ వచ్చునేమోయని భయపడెను కాబోలు.

ఆ సాయంకాలము భోజనముల బల్లమీద, పళ్లెముల నడుమ, తెల్లని ప్లాస్టరుతో పోతపోసిన టైరుపళ్లు రెండు వరుసలు వెలసెను. దంతశిల్పి కళ్లద్దములు నుదుటి కెత్తి, సన్నని కొలపుల్లతో సందులలోతు చూచుచు, తన్మయుడై ఉండెను. భార్య గరిటె పట్టుకొని నిలిచి చూచెను.

"టైరు పళ్లు ఎదురుగా పెట్టుకుని భోజనం ఎలా చేయాలండీ?"

"ఈ లోతు చూడు. దవడపన్నుకి ఉండాల్సిన లోతు ఇదే. నేల ఇలా పట్టుకుంటే ఇక వదలదు."

"రోజూ మనం వెళ్లేది ఆస్పత్రికే కదా."

"రేపు ఎక్కడికి వెళ్తామో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. ఆస్పత్రికే. ఎల్లుండి కూడా డ్యూటీ ఉంది."

ఆమె వాదము ఇంత పటిష్ఠముగ నున్నను, గుసగుసగా పలుకుటచే వీరుని హృదయదుర్గమును భేదింపజాలదయ్యెను. పైగా ఆ రాత్రే తోడల్లుడు ఫోనుచేసి, "మంచి పళ్లున్నవే తీసుకో అన్నయ్యా. మళ్లీ తాడు వెతుక్కోవడం నావల్ల కాదు" అని పకపక నవ్వి, మండుచున్న పొయ్యిలో మరొక కట్టె ఎగద్రోసెను. ఉగ్రదంతుడే జయించెనని మీరందరు అనుకొనుచున్నారు గదా. నేనును అట్లే అనుకొంటిని.

ఆమెకు సెలవు దొరికినదినమున దంపతులు షాపునకు పోయిరి. షాపు యజమాని తన సొంత ట్రక్కుకు ఉగ్రదంతులనే తొడిగించుకొనియుండెను. తాళపుచెవి చేతికిచ్చి, "మేడమ్‌గారిని ఎక్కించుకుని ఓ రౌండు వేసి రండి సార్, మీకే తెలుస్తుంది" అనెను. దంతశిల్పి సింహాసన మెక్కినట్లు స్టీరింగు ముందు కూర్చుండెను. ట్రక్కు కదలెను. మెల్లగా పోవునంతవరకు ఒక హుంకారము. వేగము హెచ్చిన కొలది ఆ హుంకారము గర్జనమయ్యెను, గర్జనము ఘోషమయ్యెను, ఉగ్రదంతుని ప్రతి పన్ను తారురోడ్డును చరచుచు, ప్రతి సందు గాలిని మ్రింగి కక్కుచు, వేయి తేనెటీగలు చెవిలో కాపురము పెట్టినట్లు ఊఁ యని మ్రోయజొచ్చెను. వీరుడు పులకించెను. ఆహా, రణభేరి యనిన ఇదియే గదా!

అప్పుడు పక్కసీటున భార్య ఏమో పలికెను. పెదవులు కదలుట కనబడెను.

"ఆఁ?"

ఆమె మరల పలికెను.

"ఆఁ? ఏంటీ?"

ఆమె మూడవమారు నోరు తెరచి, అంతలోనే తల అడ్డముగా ఊపి, కిటికీవంక తిరిగెను. "ఏం లేదులెండి." విచిత్రమేమనగా ఈ మాట మాత్రము స్పష్టముగా వినబడెను.

ఆలి నోట వెలువడు 'ఏం లేదులెండి' అను అస్త్రమునకు తిరుగు లేదు. గదలు విరిగిన అతుకవచ్చును, కోటలు కూలిన కట్టవచ్చును, ఈ దెబ్బకు మాత్రము వైద్యములేదు. దంతశిల్పి ట్రక్కును రోడ్డువారగ ఆపి, ఇంజను కట్టివేసెను.

"ఏమన్నావు?"

"ఏం లేదండీ. పోనివ్వండి."

"చెప్పు మరి."

"చిన్న విషయం. అరిచి చెప్పేంతది కాదు."

అతడు తాళపుచెవి ఊడదీసి ఒడిలో పెట్టుకొనెను. అప్పుడామె చెప్పెను. "ఆ మూల పెట్టెలో పాప ఉందని చెప్పాను కదా, ఎత్తుకుంటే అరచేతిలో పట్టేసేది. నిన్న ఇంటికి పంపేశాం. తల్లి సంతోషంలో పాప మేజోడు ఒకటి మర్చిపోయింది. ఎవరైనా వస్తారేమోనని బ్యాగులో పెట్టుకున్నాను. ఇంతే."

పెండ్లియైన నాటినుండి తమ కారులో ఆమె చెప్పినవన్నియు దంతశిల్పి మనసున కదలాడెను. ఒక బిడ్డ పాలు త్రాగినది, ఒకటి త్రాగలేదు, పెద్దనర్సు విసుక్కొన్నది, చెల్లెలు ఫోను చేసినది, తన కెందుకో దిగులుగ నున్నది. ఒక్కటియు అరచి చెప్పదగినది కాదు. అరవవలసివచ్చిన ఆమె చెప్పదు. చెప్పనినాడు తనకు తెలియదు. తెలియని భార్యను ఎక్కించుకొని, ఎన్ని పర్వతములెక్కిన ఏమి లాభము? అతనికి భయము వేసెను. అప్పుడు గాని తన విద్య తనకు గుర్తురాలేదు. ఎత్తైన మొనల కట్టుడుపళ్లు కావలెనని కోరినవారి నెందరిని అతడు వారింపలేదు? అట్టి పళ్లు నోట టకటకలాడును, మెత్తని తిండి తినువారికి అవి ఏల యని ఊరివారికెల్ల బుద్ధిచెప్పినవాడే, తన బండి నోటికి వచ్చుసరికి గడ్డి తినెను.

ట్రక్కు షాపు చేరెను. యజమాని చిరునవ్వుతో ఎదురువచ్చెను. వీరుని అంతరంగమున రెండు సేనలు మోహరించెను. ఒకవైపున చుట్టములు, మేడ, తాడు, తోడల్లుని పకపకలు. రెండవవైపున ఒక సన్నని గొంతు, ఒంటరిది, నిరాయుధ. 'ఓ ఉగ్రదంతా! అరివీరభయంకరా! నీ ప్రతాపము కాదనను. కాని నీ గర్జనమున నా ఇల్లాలి మాట మునుగును గాన, నిన్ను వరింపజాల. నా అపకీర్తి దిగంతములు నిండుగాక, తోడల్లుడు తాడును నా మెడకే వేయుగాక, పొమ్ము!'

పైకి, మితదంతుని మీద చేయి వేసి, "ఇది వేయండి" అనెను.

"ఇది గోడ ఎక్కదు సార్."

"పర్లేదండీ. మాకు మెట్లున్నాయి."

భార్య ఆయనవంక వింతగా చూచెను.

మరునాటి ఉదయము. రాత్రంతయు వాన కురిసినది. ఆస్పత్రి గేటుముందు పైపులకొరకు త్రవ్వి పూడ్చినచోట, అడ్డముగ, ఒక కారుపొడవున, బెత్తెడులోతున పరచుకొనియుండెను బురద. చిన్నకార్లు జంకి వెనుకగేటునకు మరలుచుండెను.

"మనం కూడా వెనకనుంచి వెళ్దామండీ" అనెను భార్య.

"ఉండు."

దంతశిల్పి శ్వాస బిగించెను. మితదంతులు పంకమున అడుగిడెను. ఒక్కక్షణము బండి పక్కకు జారెను, స్టీరింగుపై అతని వ్రేళ్లు తెల్లబడెను. అంతట పళ్లు నేలను కరచెను, పట్టు దొరకెను, తొందరలేక, ఆర్భాటములేక, నమిలి మ్రింగినట్లు ఎస్‌యూవీ ఆవలిగట్టు చేరెను. దుందుభులు మ్రోగలేదు. పూలవాన కురియలేదు. ఆ మహాయుద్ధమునకు సాక్షి గేటు వాచ్‌మన్ ఒక్కడే, అతడును టీ చల్లార్చుకొనుచుండెను. అయినను మనవాడు చాతి విరిచి, మీసము లేకున్నను పైపెదవి దువ్వుకొని, వెనుక అద్దములో ఆ బురదను రెండుమార్లు చూచుకొనెను.

పక్కసీటున సంచి సర్దుకొనుచు భార్య తలవంచుకొని, పసికందులకు గూడ మెలకువ రానంత సన్నగా గొణిగెను. "గుమ్మంముందు బురద దాటినందుకే ఇంత సంబరం. పిచ్చి మనిషి. నాకోసం ఆ గోల టైర్లు మానేశాడు."

దంతశిల్పి ముందుకు చూచుచునే నడుపుచుండెను.

"వినబడింది" అనెను.

"వినబడాలనే అన్నాను" అని, ఆమె తలుపు తెరచికొని దిగి, వార్డువైపు నడచిపోయెను.

జయము! బెత్తెడు బురద జితము, తారురోడ్డు సురక్షితము, గొణుగుడు సాంతము శ్రుతము! ఈ గాథను చదివినవారి చక్రములలో గాలి నిలుచుగాక. విన్నవారి బండ్లు ఏ తోడల్లుని తాడునకును లోబడకుండుగాక. చదువనివారికి, విననివారికి గూడ, పక్కసీటులోని చిన్నమాట మొదటిసారికే వినబడుగాక.