ఐసు తొట్టిలో రిహార్సలు

మీరు నవ్వనంటే చెబుతాను. నవ్వుతారని తెలుసు, అయినా చెబుతాను. ఎందుకంటే మీలో సగం మంది ఆ రోజు మా ఇంటి ముందు నిలబడి నా ఆత్మశాంతికి ప్రార్థన చేసినవాళ్ళే. అసలు జరిగిందేమిటో తెలుసుకునే హక్కు మీకుంది.

అంతా నా గుండెతో మొదలైంది. పోయిన వసంతంలో అది మొరాయిస్తే డాక్టర్లు తీగ దూర్చి స్టెంటు వేశారు. ఇంటికొచ్చి మంచమెక్కాను. పక్క గదిలో మా ఆవిడ మార్లిస్ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు వింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో ఒక రోజు ఈ నవ్వు వదిలేసి వెళ్ళిపోవాలా? ఇదేం న్యాయం?

ఆస్పత్రి గౌను వెనక ముడి ఊడిపోయిందని తెలియక నేను వరండా అంతా ఎలా తిరిగానో చెప్పి నవ్వుతోందని తరవాత తెలిసిందనుకోండి. అప్పటికే నేను నిర్ణయం తీసేసుకున్నాను. పోకూడదు. పోయినా పూర్తిగా పోకూడదు.

మన ఎడారి ఊరు మీసా చివర, టైర్ల కొట్టు పక్కన కిటికీల్లేని తెల్ల భవనం ఉంది చూశారా? చేపల గోడౌనేమో అనుకునేవాణ్ణి. కాదు. మనుషుల్ని దాస్తారు అందులో. మనిషి పోయినట్టు డాక్టరు తేల్చి చెప్పిన మరుక్షణం ఒంటిని ఐసులో పెట్టి, ఒంట్లో రక్తం తీసేసి ఏదో మందు ఎక్కించి, ద్రవ నైట్రోజన్ నింపిన స్టీలు పీపాలో తలకిందులుగా దించుతారు. ఎప్పటికో వైద్యం బాగా ముదిరాక లేపుతారు.

"ఖాయంగా లేస్తామా?" అని అక్కడి డ్వైట్ అనే పెద్దమనిషిని అడిగాను. సన్నగా, పొడుగ్గా, నిమ్మళంగా ఉంటాడు. చెయ్యి కలిపితే అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది.

"ఖాయమని చెప్పలేం సార్. కానీ పూడ్చిపెట్టిన వాళ్ళకంటే మీకు అవకాశం ఎక్కువ."

ఆ మాట నా మనసుకి ఎంత హాయిగా తగిలిందో! పుట్టి బుద్ధెరిగాక ఇంకొకళ్ళ కంటే నాకు అవకాశం ఎక్కువుందని ఎవరైనా అనడం అదే మొదటిసారి. అక్కడికక్కడే చేరిపోయాను. చేతికో స్టీలు కడియం తగిలించారు.

దాన్ని మార్లిస్‌కి కీళ్ళ నొప్పుల కడియమని చెప్పాను. నలభై ఏళ్ళు ఈత కొలనులు అమ్మినవాణ్ణి, ఆ మాత్రం అమ్మలేనా అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని నా చెయ్యి దగ్గరికి లాక్కుంది.

"ఆర్డెన్, కీళ్ళ నొప్పుల కడియం మీద 'తల చుట్టూ ఐసు పెట్టండి' అని ఎందుకు రాసుంది?"

"అదీ... మెడ కీలుకి."

"'పోస్టుమార్టం చేయొద్దు' అని కూడా ఉంది. అది మోకాలికా?"

నిజం కక్కేశాను. ఆవిడ అరవలేదు, అందుకే నాకు భయం వేసింది.

"ఒళ్ళంతా దాస్తారా?"

"తల ఒక్కటే దాచే పద్ధతి కూడా ఉంది. నేను మొత్తానికే చేరాను."

"నయం. ఆ తల ఒక్కటే ఉంచుకుంటే అందరికీ తలనొప్పి."

"నువ్వూ చేరు మార్లిస్! ఇద్దరం కలిసి లేద్దాం. ఎప్పటికో కళ్ళు తెరిచి చూస్తే నువ్వు పక్కనే..."

"కళ్ళు తెరవగానే 'నా సాక్సులెక్కడ?' అంటావు. ఆ కాలంలో కూడా నేనే వెతకాలి. వద్దు నాయనా, నాకు ఈ ఒక్క జన్మ చాలు. మా నాన్న పక్కన మట్టిలో పడుకుంటాను."

"పోనీ చేరకు. నేను పోగానే వాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేలోగా కాస్త ఐసు పెడితే చాలు. ఇంట్లోవాళ్ళు సాయం చేయకపోతే మెదడు పాడైపోతుందట."

"బతికుండగా నేను చెప్పిన మాట ఒక్కటి విన్నావా? పోయాక నీ మాట నేను వినాలా?" అని లేచి వెళ్ళి వంటింట్లో గిన్నెల మీద తన అభిప్రాయం వినిపించింది.

అప్పుడు నా బుర్రలో పథకం పుట్టింది. ఆవిడకి పనే లేకుండా చేస్తే? అన్నీ నేనే సిద్ధం చేసి పెడితే? గరాజులో పెద్ద ఫ్రీజరు కొని, నిండా ఐసు సంచులు పేర్చి, మన స్నానాల తొట్టికి ఎన్ని సంచులు పడతాయో లెక్క చూసి గోడ మీద రాసి పెడితే? అప్పుడు కాదనడానికి కారణమే ఉండదు. అయితే తొట్టిలో మనిషి పడుకుంటే గాని ఆ లెక్క తేలదు. ఉన్న మనిషిని నేనే.

మార్లిస్ చర్చిలో పాటల సాధనకి వెళ్ళే బుధవారం చూసుకున్నాను. ఆగస్టు నెల. బయట రోడ్డు మీద చెప్పులు అతుక్కుపోతున్నాయి. ఐసు సంచులు తెచ్చి తొట్టిలో గుమ్మరించి, ఈత నిక్కరుతో దిగాను.

మొదట ప్రాణం లేచొచ్చింది. తరవాత ప్రాణం లేచిపోతున్నట్టనిపించింది. పళ్ళు టకటకలాడాయి. పెదాలు బిగిసిపోయాయి. చలికి భయపడకూడదు, ఇదే మనకి ముందు ముందు ఇల్లు, అని నాకు నేనే చెప్పుకుంటూ చేతులు గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

ఇంట్లో ఇంకో మనిషుందని మరిచిపోయాను. మా అత్తగారు హల్డా. మిన్నెసోటా మంచులో పుట్టి పెరిగి, తొంభై దాటాక కూతురి దగ్గరికి ఈ పెనం మీదికొచ్చి పడ్డ మనిషి. నడవడానికి చేతుల్లో వాకరుంది గాని, కళ్ళూ చెవులూ మాత్రం పరిగెడుతుంటాయి.

తలుపు కిర్రుమంది. "ఏవోయ్ ఆర్డెన్?"

"బ్... బ్... బ్..." అన్నాను. అంతకంటే రాలేదు.

ఆవిడ వంగి నా కడియం తిప్పి, దాని మీది ఫోను నంబరుతో సహా తీరిగ్గా చదివింది. వెళ్ళిపోయింది. హాల్లోంచి ఫోన్‌లో ఆవిడ గొంతు వినబడింది. "అవునండీ, ఐసులోనే ఉన్నాడు. అవును, నీలంగా ఉన్నాడు. తొందరగా రండి." తరవాత ఇంకో ఫోను. తరవాత ఇంకోటి.

లేద్దామనుకున్నాను. కాళ్ళు నావి కావు. ఐసు అతుక్కుని గడ్డలయింది.

ముందు అంబులెన్సు వచ్చింది. దాని వెనకే డ్వైట్, ఇద్దరు మనుషులూ తెల్ల వ్యాన్లో దిగారు. వాళ్ళ వెనక పాస్టరుగారు. ఆయన వెనక మన క్యాసరోల్ కోనీ. ఎదురింటావిడ సంగతి మీకు తెలుసుగా, ఈ వీధిలో ఎవరు గట్టిగా దగ్గినా చావింటికి పట్టుకెళ్ళే క్యాసరోల్ కోసం ఓవెన్ వెలిగిస్తుంది. ట్యూనా, నూడుల్సు వేసిన ట్రే పట్టుకుని కన్నీళ్ళతో గుమ్మంలో నిలబడింది. ఇంకా పొగలొస్తోంది.

స్నానాల గదిలో తొక్కిసలాట. అంబులెన్సు కుర్రాడు నా నాడి పట్టుకుని, "ఈయన బతికే ఉన్నాడు! దుప్పట్లు తెండి, వేడెక్కించాలి!" అన్నాడు.

"వేడెక్కించడమా!" డ్వైట్ వెనకున్నవాడు ఉలిక్కిపడ్డాడు.

"మీరెవరు?"

"మేం తరవాతి వాళ్ళం," అన్నాడు డ్వైట్ వినయంగా. "మీ పని కానివ్వండి. తొందరేం లేదు, మేం హాల్లో కూర్చుంటాం."

నాకు వెండి కాగితం లాంటి దుప్పటి చుట్టి తొట్టి అంచున కూర్చోబెట్టారు, ఓవెన్‌లో పెట్టబోయే బంగాళాదుంపలాగా. సరిగ్గా అప్పుడే మార్లిస్ వచ్చింది.

వీధి మలుపులో అంబులెన్సు చూసిందట. పాస్టరుగార్ని చూసిందట. కోనీ చేతిలో ట్రే చూసిందట. ఇంకేం అడగాలి? ఒక కాలికి చెప్పు లేదు. పాటల కాగితాలు గుప్పిట్లో నలిగిపోయి ఉన్నాయి. నన్ను చూసింది. నిలబడ్డచోటే గోడకి జారి నేల మీద కూర్చుండిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ మొహం అలా చూడలేదు. నేను పోతే నాకేమవుతుందా అని అన్నాళ్ళూ ఆలోచించాను గాని, ఆవిడకేమవుతుందో అప్పటిదాకా తట్టనే లేదు.

"మార్లిస్," అన్నాను పళ్ళ మధ్యనుంచి, "రి... రి... రిహార్సలు."

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. తరవాత తొట్టిలోంచి ఐసుగడ్డ తీసి నా మీద విసిరింది. ఇంకోటి. ఇంకోటి. అంబులెన్సు కుర్రాడు అడ్డొస్తే వాడికీ ఒకటి తగిలింది. విసురుతూ విసురుతూ ఏడ్చింది, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టింది. పకపకా. వరండాలో ప్రార్థన చేస్తున్న మీరంతా ఆ నవ్వు విని, పాపం, దుఃఖంతో మతి పోయిందనుకున్నారట.

అందరూ వెళ్ళాక వంటింట్లో ముగ్గురం కూర్చుని నా పెద్దకర్మ భోజనం నేనే తిన్నాను. కోనీ చేతి వంట బాగుంది. ఉప్పే కొంచెం ఎక్కువ, కన్నీళ్ళ వల్ల కావచ్చు.

"అత్తయ్యా, నేను ఊపిరి తీస్తున్నట్టు మీకు తెలియలేదా?" అనడిగాను.

"ఎందుకు తెలియదోయ్? రైలింజను లాగా తీస్తున్నావు."

"మరి ఆ ఫోన్లేంటి?"

"చేరేముందు వాళ్ళెంత తొందరగా వస్తారో చూసుకోవద్దూ? అంబులెన్సంటావా, అది నీ కోసమే. నువ్వు నిజంగానే పోయేలా ఉన్నావు." ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. "డ్వైట్‌తో మాట్లాడేశాను. ఈ ఎండలో వేగలేక చస్తున్నా. ఇందాక నీ ఐసులో చెయ్యి పెడితే మా ఊరు వెళ్ళినట్టుంది."

"మీరు... చేరారా?"

"పీపాకి నలుగురట. నీ పక్కనే వేయమన్నాను. కొత్త చోట తెలిసిన మొహం ఒకటుండాలిగా."

నేను ఆశగా మార్లిస్ వైపు తిరిగాను. ఆవిడ నా భుజం మీద చెయ్యేసింది.

"ఇప్పుడు నాకు బెంగ తీరింది ఆర్డెన్. నువ్వు పోగానే ఫోన్ చేస్తాను. ఐసు నేనే పెడతాను, ఒట్టు. కాని ఒక్క షరతు. అక్కడ మా అమ్మని నువ్వు చూసుకోవాలి."

"ఎంత కాలం?"

"లేపేదాకా. తరవాత కూడా."

"నేను ముందెళ్ళి సర్ది ఉంచుతానులే," అంది మా అత్తగారు. "ఒకటే చెబుతున్నాను, గురక పెట్టావంటే ఊరుకోను."

వెనక్కి తగ్గితే నన్నొక్కదాన్నీ పంపుతావా అని ఆవిడ గోల. తగ్గకపోతే ఎన్ని వందల ఏళ్ళో తెలియదు, తలకిందులుగా, ఒకే పీపాలో, అత్తగారు! ఇక నాకు మిగిలిన దారి ఒక్కటే. ఆ పీపాలోకి ఎంత ఆలస్యంగా దిగితే అంత మేలు.

అందుకే ఈ మధ్య తెల్లారేసరికి కాలువ గట్టు మీద మీకు కనబడుతున్నాను. బేకన్ మానేశాను. రోజూ ఆకులు నములుతున్నాను. మొన్న డాక్టరు నా గుండె విని, ఏం చేస్తున్నారని అడిగాడు. భయపడుతున్నానని చెప్పాను.

ఇవాళ పొద్దున మార్లిస్‌తో కలిసి నడుస్తుంటే ఉన్నట్టుండి వెలిగింది. ఆగిపోయాను.

"మార్లిస్, మీ అమ్మని నా పీపాలో వేయించింది నువ్వే కదూ?"

ఆవిడ టోపీ తాడు బిగించుకుంది. "డాక్టరు నడవమంటే నడవలేదు. నేను బతిమాలితే వినలేదు. మా అమ్మ పేరు చెబితే ఎలా పరిగెడుతున్నావో చూడు."

"మరి నువ్వు? అక్కడ లేచాక నువ్వు లేకపోతే నేనేం చేయాలి?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కడియం ఉన్న చెయ్యే.

"అందుకే ఇక్కడ ఎక్కువ రోజులుండమంటున్నా. పద, తొందరగా అడుగెయ్. ఎండెక్కుతోంది."