జానెడు బురద

బురద పుట్టడానికి వాన అక్కర్లేదని, ముద్ర వేసిన కాగితం చాలని లోకానికి నిరూపించిన ఘనత అనంతపురం జిల్లాలోని బోడిగుట్ట గోల్ఫ్ స్నేహ సంఘానికే దక్కుతుంది.

ఆ మైదానంలో రెండు గుట్టలు, తొమ్మిది గుంతలు ఉన్నాయి. గడ్డి లేదు. అందుకని సభ్యులు తలా ఒక పచ్చ డోర్‌మ్యాట్ వెంట తెచ్చుకుని, దాని మీద బంతి పెట్టి కొడతారు. (మ్యాట్ మీద కాళ్లు తుడుచుకోరాదు. తుడుచుకుంటే ఒక దెబ్బ జరిమానా. నిబంధన నాలుగు.)

గోల్ఫ్ పుస్తకంలో చలికాలపు నిబంధన ఒకటుంది. నేల బురదగా ఉంటే బంతిని చేత్తో తీసి, జానెడు దూరంలో మంచి చోట పెట్టుకోవచ్చు. ఆ పుస్తకం రాసినవారి దేశంలో చలికాలమంటే బురద. ఇక్కడ చలికాలమంటే పొద్దున తొమ్మిదింటి దాకా రాళ్లు కాలకపోవడం. అయినా నిబంధన నిబంధనే. కాబట్టి కార్యదర్శి అశోక్ (విశ్రాంత సర్వేయరు) డిసెంబరు మొదలు ప్రతి ఆదివారం కాగితం మీది దుమ్ము ఊది, "నేడు మైదానం బురదగా ఉన్నదని ధ్రువీకరించడమైనది" అని రాసి, ముద్ర వేసి, సాక్షి సంతకం తీసుకుని రోడ్డు పక్క బోర్డుకు అంటిస్తాడు.

ఆ ఆదివారం సాక్షి ధర్మవరం పట్టుచీరల వ్యాపారి మల్లికార్జునయ్య. బురద అవసరం అందరికంటే ఆయనకే ఎక్కువ. రెండు చుట్లు నూరు దెబ్బల లోపు ముగించినవారి పేరు సంఘం గోడ మీద రాస్తారు. ఆరేళ్లుగా ఆయన పేరు గోడకు దూరంగానే ఉంది. జానెడు దొరికితే ఆయనకు చాలు. నలభై ఏళ్లుగా చీరలు కొలిచిన చేతికి కొనేటప్పుడు ఒక జాన, అమ్మేటప్పుడు ఒక జాన ఉంటాయి. మైదానంలో ఆయన వాడేది కొనే జాన. పైన బెత్తెడు కొసరు.

ఆయన గోల్ఫ్ కర్రల సంచి మోసే నాగన్న రైతు. అతని రెండెకరాల వేరుశనగ ఏడో గుంత పక్కనే నిలువునా ఎండిపోయింది. కరువు పరిశీలన అధికారి ఆ రోజే వస్తున్నాడు. మండలం కరువు జాబితాలో చేరితే నాగన్నకు ఏరువాకకు విత్తనాలు. లేకుంటే బెంగళూరులో కూలి.

"అన్నా, బురదని సంతకం పెట్నావంట. యాడుండాది?" అన్నాడు నాగన్న, సంచి భుజం మార్చుకుంటూ.

"అది ఆటలో బురదప్పా. మామూలు బురద కాదు."

"ఆటలో వానగూడా పడతాదేమి? రెండెకరాలకు చాలు."

మల్లికార్జునయ్య నవ్వి, బంతిని జానెడు జరిపాడు.

చివరి గుంతలో బంతి పడేసరికి లెక్క తొంభైతొమ్మిది. సభ్యులు చప్పట్లు కొట్టారు. పెయింటర్ పాపన్నకు కబురు వెళ్లింది. అదే సమయానికి జీపు వచ్చి బోర్డు దగ్గర ఆగింది.

అధికారి భరత్‌కుమార్ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "బురదని రాసినారే! ఇంగ నేను కరువని ఎట్ల రాసేది?"

నాగన్న పిడికెడు మట్టి తీసి గాలికి వదిలాడు. అది ఎగిరి అధికారి ఫైలు మీద పడింది. "చూడు సార్, ఇదీ మా బురద."

"నా కంటికి కనపడతానే ఉండాదప్పా. కంటికి ముద్ర లేదు గదా."

అందరూ సాక్షి వైపు చూశారు. అబద్ధమని ఒక్క మాట అంటే చాలు. కానీ అంటే జానలు రద్దవుతాయి. జానలు పోతే, బంతి జరిపిన ప్రతిసారికీ ఒక దెబ్బ జరిమానా పడి తొంభైతొమ్మిది కాస్తా నూట ముప్పై దాటుతుంది. మల్లికార్జునయ్య రెండు వైపులా తూచాడు. నలభై ఏళ్లలో ఆయన ఏ బేరాన్నీ ఈ కొసన గానీ ఆ కొసన గానీ తెంచలేదు. నడుమ తెంచిన బేరంలో ఎవరూ నష్టపోరని ఆయన నమ్మకం.

"సార్, మీ మాటా వద్దు, మా మాటా వద్దు. మండలమంతా కరువని రాసుకోండి. మైదానం హద్దు వరకు మాత్రం బురద ఉండనీండి."

భరత్‌కుమార్ ముఖం విప్పారింది. అశోక్ మైదానం పటం తెచ్చి ఇచ్చాడు. నాగన్న ఆనందంతో మల్లికార్జునయ్య చేతులు పట్టుకున్నాడు. "నీ కడుపు సల్లగుండ! బేరమంటే నీదేనన్నా."

ధర్మవరం దారిలో సగం దూరం పోయాక మల్లికార్జునయ్యకు ఆ పటం గుర్తొచ్చింది. అశోక్ దాన్ని గీసేటప్పుడు, గీత వంకర పోతే చూడ్డానికి బాగుండదని నాగన్న రెండెకరాలనూ హద్దులో కలిపేశాడు. దాని మీదా సాక్షి సంతకం ఆయనదే. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అందులో పాపన్న పంపిన ఫొటో ఉంది. గోడ మీద పేరులో "మల్లికా" వరకు రాయడం అయిపోయింది. పేరు సగంలో ఆపడం బాగుండదని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా జాబితా వచ్చింది. మండలమంతా కరువు, రెండు గుట్టలూ రెండెకరాలూ తప్ప.

తర్వాతి ఆదివారం కూడా నాగన్న సంచి మోయడానికి వచ్చాడు. ఏడో గుంత దాకా ఎప్పటిలాగే వెంట నడిచాడు. అక్కడ మ్యాట్ తీసి, బంతి కింద కాకుండా మల్లికార్జునయ్య కాళ్ల ముందు పరిచాడు.

"దీని మీద నిలబడన్నా. ఈడ బురద శానా ఉండాది. నీ బూట్లకు అంటుకుంటాది."

మల్లికార్జునయ్య మ్యాట్ ఎక్కి, తెలియకుండానే కాళ్లు తుడుచుకున్నాడు.

నిబంధన నాలుగు ప్రకారం ఆయన లెక్కలో ఒక దెబ్బ కలిపారు.