ఇద్దరి పేరున కానుక

ఆ ఆదివారం ఉదయం తాక్ గిల్మో పెట్టుకున్న పని ఒక్కటే. కృతజ్ఞత కానుక కవరులో రెండు పదివేల వాన్ నోట్లు పెట్టి, చర్చి పెట్టెలో వేసి, ఆరాధన కాగానే ఇంటికి వచ్చేయడం. కవరు మీద ఎప్పటిలాగే “తాక్ గిల్మో, మ్యోంగ్ ఓక్‌బున్ దంపతులు” అని రాశాడు. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు. ఓక్‌బున్ చనిపోయి ఏడాది దాటింది. ఆమె లేని ఊళ్లో ఉండలేక గున్‌సాన్‌కు మారాడు కానీ, ఆ పేరు రాయడం మాత్రం చేయి మానలేదు. పాపం, ఎవరినో మోసం చేద్దామని కాదు. ఒక్క పేరు రాస్తే ఆయనకు ఏడుపొచ్చేది.

అయితే ఆ చర్చిలో కానుక ఇచ్చినవాళ్ల పేర్లు ఆరాధనలో పంచే వారపత్రికలో అచ్చు వేస్తారు, పాస్టరు వేదిక మీదినుంచి చదువుతారు. ఆరు నెలలుగా వినబడుతున్న ఓక్‌బున్‌ను ఒక్కరూ చూసింది లేదు. చర్చి తరఫున ఆ వాడ కుటుంబాల మంచిచెడ్డలు చూసే పెద్దామె ప్యో మల్సూన్ ఆ రోజు మెట్ల దగ్గర గిల్మోను నిలేసింది.

“వదినగారు ఎప్పుడూ రారేం అన్నయ్యా? ఒంట్లో బాగాలేదా?”

గిల్మోతో మనిషన్నవాడు మాట్లాడి నాలుగు రోజులైంది. నిజం చెబితే మాట అక్కడితో ఆగిపోతుందేమోనని భయం వేసింది.

“చాలా బాధపడిందమ్మా. ఇప్పుడు బాధ లేదు,” అన్నాడు.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

సోమవారం సముద్రపు గుల్లల మాంసంతో కాచిన జావ వచ్చింది. రోగిని లేపొద్దని మల్సూన్ గుమ్మంలోనే గుసగుసగా మాట్లాడి వెళ్లింది. బుధవారం ఇంకొకామె గుమ్మడికాయ జావ తెచ్చింది, ఆ పైవారం నల్లనువ్వుల జావ, ఆపైన రోగికని ఊలు మేజోళ్లు. నెలల తరబడి ప్యాకెట్ నూడుల్స్ మీద బతుకుతున్న గిల్మో జావలన్నీ తాగేశాడు. జావకంటే ఆ గుమ్మం దగ్గరి అయిదు నిమిషాలే ఆయనకు ముఖ్యం. వాటికోసం పొద్దున్నే గడ్డం గీసుకుని కూర్చునేవాడు. ప్రతిసారీ ఈసారి చెప్పేద్దాం అనుకోవడం, చెప్పకపోవడం. ఇంతలో పాస్టరు, గురువారం అయిదుగురం వచ్చి రోగి పక్కన కూర్చుని ప్రార్థన చేస్తామని అందరిలో ప్రకటించేశారు. గిల్మోకు ఇక దాచే దారి లేదు. నిజం తెలిశాక ఇక ఆ తలుపు కొట్టేదెవరు?

గురువారం అయిదుగురూ చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా లోపలికి వచ్చారు. గిల్మో పడకగది తలుపు తీశాడు. మడత పెట్టిన బొంత, దాని పక్కన ఫోటో.

“ఓక్‌బున్ పోయి ఏడాది దాటింది,” అన్నాడు.

పాస్టరు తెరిచిన బైబిలు మూశారు. ముందుగా తేరుకున్నది మల్సూన్.

“ఆమె కోలుకోవాలని ముప్పై రోజులు చీకటితో లేచి ప్రార్థన చేశాను. ఇప్పుడు దేవుడికి ఏమని చెప్పుకోను?”

“బాధ లేదని చెప్పాను కదమ్మా.”

“మరి జావలు?”

“నేనే తాగాను.”

“నువ్వులది కూడానా?”

“అది రెండు రోజులు దాచుకుని తాగాను.”

పోయిన మనిషి పేరున కానుక ఎందుకని పాస్టరు మెల్లగా అడిగారు.

“ఆమెతో బతికినందుకు అయ్యగారూ. మనిషి పోతే కృతజ్ఞత కూడా పోతుందా?”

కానుక ఎందుకివ్వాలి అన్న విషయం మీద మూడు వారాలుగా ప్రసంగిస్తున్న పాస్టరు ఆ మాటను తన బైబిలు అట్ట లోపల రాసుకున్నారు. మల్సూన్ లేచింది. వెళ్లిపోతోందనుకుని గిల్మో తల దించుకున్నాడు. ఆమె తిన్నగా వంటగదిలోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచి, లోపలి దరిద్రం చూసి, ఆరుగురికి బియ్యం కడిగింది. కిమ్చీ పచ్చడి పక్కింటినుంచి తెప్పించింది. ఎదురుగా మనుషులు తింటుంటే గిల్మోకు ముద్ద దిగలేదు. కళ్లనీళ్లు మాత్రం ధారాళంగా దిగాయి.

“ఇక మీ ఇంటికి జావ రాదన్నయ్యా,” అంది మల్సూన్ వెళ్తూ. “ఆదివారం మీరే చర్చి కింది అంతస్తులో భోజనాలకి రండి. మా బల్ల దగ్గర మీకో చోటుంచుతాను.”

ఆ ఆదివారం వారపత్రికలో కానుకల వరుసలో ఇద్దరి పేర్లూ ఎప్పటిలాగే ఉన్నాయి. భోజనాలయ్యాక గిన్నెలు తోమేవాళ్ల వరుసలో మాత్రం ఇద్దరిలో గిల్మో పేరు ఒక్కటే ఉంది.