బకెట్టు నవ్వరాదు

భాష చెడితే జాతి చెడును, జాతి చెడితే జీతాలు ఆగును, కావున భాషను కాపాడుట ప్రతి ఉద్యోగి పవిత్ర కర్తవ్యము! భాషా పరిశుద్ధి విభాగం గోడ మీద ఈ మాటలు అరచెయ్యంత అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఆ గోడ కింద కూర్చునే సూపరింటెండెంటుగారికి మాత్రం ఆ రోజు ముద్ద దిగలేదు.

ఫోన్లలో పుట్టే పిచ్చిమాటల్ని పట్టి నిషేధించడం ఆయన పని. ఏడాదిగా ఒక్కటీ పట్టలేదు. ఈ నెల కూడా ఏమీ దొరక్కపోతే విభాగం ఎత్తేసి, ఆయన్ని కింద విరిగిన కుర్చీలు పడేసే గదికి మార్చేస్తానని డైరెక్టరు చెప్పేశాడు.

"కొత్తమాటేమైనా విన్నావా అమ్మా?" అని టైపిస్టును బతిమాలాడు.

"ఏదన్నా వినేలోపే అది పాతబడిపోతోందండీ" అంది ఆవిడ.

కప్పు కారే చోట పెట్టిన బకెట్టు మీద ఆయన చూపు పడింది. దొంగ దొరకనప్పుడు తయారు చేసుకోవడమే దారి అనిపించింది. వెంటనే ఉత్తర్వు పంపాడు: "'బకెట్టు నవ్వింది' అను నీచమైన మాట జనంలో ప్రబలినందున నిషేధించడమైనది. ఉద్యోగులందరూ రోజూ నిలబడి 'బకెట్టు నవ్వింది అని నేను అనను' అని బిగ్గరగా ప్రమాణం చేయవలెను."

అప్పటిదాకా ఈ భూమ్మీద ఆ మాట అన్నవాడు లేడు. మొదటి ప్రమాణాన్ని ఎవరో ఫోన్లో తీసి లోకం మీదికి వదిలారు. సాయంత్రానికి బస్సు తప్పినవాడూ బకెట్టు నవ్విందన్నాడు, ఉద్యోగం దొరికినవాడూ అదే అన్నాడు. ఇంట్లో కూర మాడితే ఆయన భార్య కూడా అదే అంది.

"దానికి అర్థమేంటే?" అని కూతుర్ని నిలదీశాడాయన.

"అర్థం అడిగేవాళ్ళనే బకెట్టు అంటారు నాన్నా."

నేరం పెరిగేకొద్దీ విభాగమూ పెరిగింది. ఇద్దరు గుమస్తాలొచ్చారు, కొత్త ఫ్యానొచ్చింది. సూపరింటెండెంటుగారికి ఆకలి తిరిగొచ్చింది. అంతలో డైరెక్టరు పిలిచాడు.

"మన పెద్దాయన, అదే మంత్రి, నిన్న సభలో ఆ మాట అని చప్పట్లు కొట్టించుకున్నాడయ్యా. జనం గుండెల్లోంచి వచ్చిన మాటట. నిషేధం ఎత్తెయ్. ఇక నీ విభాగంతో పనేముంది? సామాను సర్దుకో."

విరిగిన కుర్చీల గది కళ్ళముందు కదిలింది. పరువు పోయినా ఫ్యాను పోకూడదనుకున్నాడు.

"సార్, ఆ మాట పుట్టించింది నేనే."

డైరెక్టరు లేచి తలుపు గడియ పెట్టాడు.

"మెల్లగా. పుట్టించింది నేనని పైన చెప్పేశాను. రేపు సన్మానం."

డైరెక్టరు తన చేత్తో కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టాడు.

"విభాగం ఉంటుందిలే. పెద్దాయనకి వచ్చే సభకి ఇంకో మాట కావాలట. నేను ఒప్పుకున్నాను, నువ్వు పుట్టించు."

"ఎలాంటిది కావాలి సార్?"

"నీ ఇష్టం. అర్థం మాత్రం పెట్టకు. అర్థమంటూ ఉంటే రేపు ఎవడో ఒకడొచ్చి, అన్నట్టే చెయ్యమంటాడు."