పులిగోరు గుంపుతో వియ్యం

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను జాతకం అడగొద్దు, జీతం అడగొద్దు. టీవీ కుస్తీలో మీరు ఏ గుంపు అని అడగండి! సంబంధాలు కుదరడానికి ఇంతకంటే మంచి దారి లేదు. నవ్వకండమ్మా, ముందు వినండి.

కుస్తీ పిచ్చి సంసారాలను పాడుచేస్తోందని మొత్తుకునేవాళ్లు ఆదోనిలో మా ఇంటికి ఒక్క పూట వచ్చి కూర్చోవాలి. మా కొడుకు మాదన్న పత్తి వ్యాపారి. పత్తి ధర పడిపోతే "పోనీలేమ్మా" అంటాడు. నల్లకోటు గుంపు ఓడిపోతే మాత్రం అన్నం ముట్టడు. ఇంత నిష్ఠగల మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు?

తెలియనివాళ్లకు చెప్తాను. ఇప్పటి కుస్తీ మనిషికీ మనిషికీ కాదు, గుంపుకూ గుంపుకూ. నలుగురు నల్లకోట్లు వేసుకుని వస్తారు. నాయకుడు మైకు పట్టుకుని మాట్లాడతాడు, తక్కినవాళ్లు తలలూపుతారు. కొన్నాళ్లకు వాళ్లలో ఒకడికి మెడ నొప్పి పుడుతుంది. ఇనుప కుర్చీ ఎత్తి నాయకుడి వీపు మీద ఒక్కటిచ్చి, పులిగోరు గుంపులో చేరిపోతాడు. అంతే కథ! వియ్యంకుల అలకలు ఎన్ని చూశాను, ఇది అర్థం కావడమెంతసేపు? ఎవడు ఎప్పుడు గుంపు మారాడో నన్నడగండి. నా పెళ్లి విందులో ఎవరు ఏ కూరకు వంక పెట్టారో కూడా నాకు గుర్తుంది!

మొన్న ఆదివారం మా మనవరాలు ఇందును చూడడానికి ఎమ్మిగనూరు నుంచి వచ్చారు. అబ్బాయి సాయిరాం, వాళ్ల నాయన మారెప్ప, వాళ్లమ్మ. ఆటో దిగుతున్న మారెప్ప చేతిలో పులిగోరు గుంపు బొమ్మ ఉన్న కీచైన్! మాదన్న ముఖం మాడిపోయింది.

"ఏమన్నా, మీరు ఆ గుంపా?"

"అవునప్పా. ఏం, ఈడ కూసోవచ్చునా, మళ్లీ బస్సెక్కల్నా?"

"కూసోండన్నా. కానీ సొంత నాయకుణ్ణి కుర్చీతో కొట్టినోన్ని మీరెట్ల సేర్చుకుంటిరి? అదొక్కటి సెప్పండి."

"మీ నాయకుడు వానికి ఒక్కనాడన్నా మైకు ఇచ్చినాడా? నోరుండేవోన్ని మూగోని లెక్క నిలబెట్టినాడు. కొట్టడా మరి!"

ఇంక చూడండి! సాక్ష్యం కోసం టీవీ పెట్టారు. చదువెంత, ఎత్తెంత, రంగేమిటి, వంట వచ్చా అని పిల్లను తూకం వేసే ప్రశ్నలన్నీ గాలికెగిరిపోయాయి. ఉగ్గాని చల్లారింది, బజ్జీలు మెత్తబడ్డాయి. ఇందు ప్లేట్లు తెచ్చి నిలబడితే "పక్కకు జరుగు తల్లీ, టీవీ కనపడల్యా" అన్నాడు సొంత నాయన! ఏ ఆడపిల్లకు ఇంత సుఖమైన పెళ్లిచూపులు జరిగాయి చెప్పండి?

చివరికి ఒక్కచోట ఇద్దరూ కలిశారు.

"ఎన్నయినా సెప్పు మాదన్నా, ఆ కాలం కుస్తీ యాడుందప్పా ఇప్పుడు? అరగంట ఉపన్యాసం, అరగంట అడ్వర్టైజుమెంటు!"

"నిజమన్నా! కుస్తీ ఎప్పుడో సచ్చిపోయింది!"

ఆ సంతోషం పట్టలేక మాదన్న పళ్లెంలోని వక్కాకు తీసి మారెప్ప చేతిలో పెట్టేశాడు. మారెప్ప కళ్లకద్దుకున్నాడు. మా వైపు పిల్ల తండ్రి వక్కాకు ఇచ్చి, పిల్లవాడి తండ్రి అందుకుంటే సంబంధం ఖాయమైనట్టే! సాయిరాం తల్లి "శుభం" అని లేచి నిలబడింది. అప్పటికి గానీ మగాళ్లిద్దరికీ తాము చేసిందేమిటో తెలియలేదు. తెలిశాక కూడా "మంచిదే అయింది లే" అనుకున్నారు. ఏ పెళ్లిళ్ల పేరయ్య ఇంత పని చేయగలడు?

అంతా బాగుంది. ఒక్క చిన్న సంగతి.

ఆ తలూపేవాడి మైకు గురించే కదా ఇద్దరు తండ్రులూ గొంతులు చించుకున్నది! వాడిని కొత్త గుంపులోకి పిలిచినప్పుడు మైకు చేతికిచ్చి "వస్తావా, రావా?" అని అడిగారు. వాడు నోరు తెరిచేదాకా స్టేడియమంతా ఊపిరి బిగబట్టింది. మా మాదన్న కూడా బిగబట్టాడు, నేను చూశాను. మా ఇందు పుట్టిన గుంపు వదిలి ఇంకో గుంపుకు పోవాలే, దాని కోసం ఎవరు బిగబట్టారమ్మా?

నేను లేచి మారెప్ప చేతిలోని వక్కాకు తీసేసుకున్నాను. వంటింట్లో నుంచి కవ్వం తెచ్చి ఇందు చేతికిచ్చాను.

"ఇదే మైకనుకో. సెప్పు తల్లీ, పోతావా, పోవా?"

ఇందు కవ్వాన్ని నోటి దగ్గర పెట్టుకుంది. "అప్పుడే ఎట్ల సెప్పేదవ్వా? ఆయప్ప గొంతు ఎట్లుంటాదో కూడా నేనింకా ఇనలేదు."

సాయిరాం గొంతు సవరించుకున్నాడు. "నేను... కుస్తీ సూడనండీ."

ఇద్దరు తండ్రులూ ఇనుప కుర్చీ దెబ్బ తిన్నట్టు కూలబడ్డారు. ఇందు మాత్రం పకపకా నవ్వింది.

పిల్లలిద్దరినీ మాట్లాడుకోమని మిద్దె మీదికి పంపాను. వాళ్లు దిగేదాకా కింద ఎవరూ లేవకూడదు కదా? "ఇంతకీ కుర్చీతో కొట్టింది తప్పా, ఒప్పా?" అని ఒక్క మాట వదిలాను. మళ్లీ అంటుకుంది! పొద్దు వాలేదాకా ఒక్కరూ మిద్దె వైపు చూడలేదు. సంబంధాలకు కుస్తీయే మంచి దారని ఊరికే అన్నానా?

వక్కాకు ఏమైందంటారా? నమిలేశాను. ఇందు ఇంకా ఏమీ చెప్పలేదు. సరేనన్న రోజున కొత్త కట్ట నేనే తెప్పిస్తాను. అందాక మీరూ కాస్త ఊపిరి బిగబట్టండి.