ఆదివారానికెక్కని గోళీ

నందిగామ బస్టాండు వెనక ఇనప సామాన్ల కొట్టు నడిపే కిషోర్‌బాబుకి ఆస్తి అంతంతమాత్రమే గానీ అనుమానాలు మాత్రం పుష్కలం. పాలవాడు నవ్వితే పాలల్లో నీళ్లు కలిపాడనుకుంటాడు. నవ్వకపోతే నీళ్లల్లో పాలు కలిపాడనుకుంటాడు. ఎవరైనా "బాగున్నారా?" అని పలకరిస్తే, నేను బాగుంటే వీడికేం లాభమా అని సాయంత్రం దాకా ఆలోచిస్తాడు.

అలాంటి మనిషికి ఒక శనివారం అన్నం వడ్డిస్తూ భార్య రత్నమణి చల్లగా ఒక మాట చెప్పింది.

"ఏవండీ, ఆదివారం మీ కొట్టుకి సెలవు. నా కుట్టుమిషనుకీ సెలవే. వంటింటికి మాత్రం ఎందుకు లేదంటారు?"

"అవును, ఎందుకు లేదు?" అన్నాడు కిషోర్‌బాబు, మాట ఎటు పోతోందో తెలియక.

"నాకూ అదే అర్థం కాలా. అందుకని ఇకనుంచీ ఆదివారం వంట మీది. కోడికూర, అన్నం, చారు. ఆనక అంట్లు."

 కిషోర్‌బాబుకి ఆదివారమంటే మధ్యాహ్నం కోడికూర, ఆ పైన ఫ్యాను కింద పొద్దుగూకే దాకా నిద్ర. వారమంతా మేకులూ బోల్టులూ తూచేది ఆ నిద్ర కోసమే. కాదంటే ఇంట్లో గొడవ, సరేనంటే చేతిలో అంట్లు. ఆ రెంటి మధ్యనుంచి జారిపోవడానికి అప్పటికప్పుడు ఒక ఉపాయం తట్టింది.

"అలా ఏకపక్షంగా తేల్చేస్తే ఎలా మణీ? పందెం వేసుకుందాం. ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక ఆట. చేతి నేర్పు ఉన్నవాళ్లు గెలుస్తారు. ఓడినవాళ్లది వంట."

"ఏం ఆట?"

"నేనే తయారుచేస్తా."

"సరే."

ఆ 'సరే' దగ్గరే కిషోర్‌బాబుకి అనుమానం మొదలైంది. పెళ్లైన దగ్గర్నుంచీ రత్నమణి ఒక్క మాటలో సరే అన్న సందర్భం లేదు. పెళ్లిచూపులప్పుడు కూడా ఆలోచించి చెబుతానంది. ఇందులో ఏదో ఉందనుకున్నాడు గానీ, ఉన్నదేదో తన ఉపాయంలోనే ఉందన్న సంగతి అప్పటికి మరిచిపోయాడు.

నందిగామ వడ్రంగుల మీద అతనికి నమ్మకం లేదు. అందరూ తన కొట్టుకే వస్తారు, వచ్చినవాడల్లా మాట్లాడతాడు. అందుకని బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లి, యూనస్ అనే వడ్రంగిని పట్టుకున్నాడు. రత్నమణి పుట్టిల్లు కూడా ఆ ఊరే అన్నది అతనికి అడ్డంకిగా తోచలేదు.

ఆట ఇలా ఉంది. బల్ల మీద గోడకు చేరగిలబెట్టే ఒక ప్లైవుడ్ పలక. పై మూలలు రెంటినుంచీ రెండు తాళ్లు దిగుతాయి. ఆ తాళ్లకు మధ్యలో ఒక రింగు, రింగులో ఒక ఇనప గోళీ. రెండు చేతులతో రెండు తాళ్లు లాగుతూ, గోళీ పడిపోకుండా కింది నుంచి పైకి తీసుకెళ్లాలి. దారి పొడుగునా బొక్కలు. ఒక్కో బొక్క పక్కన కిషోర్‌బాబు ఎర్ర పెయింటుతో ఒక్కో పేరు రాశాడు. పాలు పొంగాయి, కరెంటు పోయింది, చుట్టాలొచ్చారు. అన్నీ దాటితే పైన 'ఆదివారం నిద్ర'.

సరిగ్గా నడిమధ్యన రెండు బొక్కలు పక్కపక్కనే ఉన్నాయి. కుడివైపుది 'గ్యాసు అయిపోయింది'. ఎడమవైపుది 'అత్తగారొచ్చారు'. వాటి మధ్య సందులోంచే గోళీ పైకి పోవాలి.

"ఈ కుడి బొక్క అంచున, లోపల చిన్న మాగ్నెట్ పెట్టి వెనక ఇంకో పలకతో మూసెయ్యి," అన్నాడు కిషోర్‌బాబు గొంతు తగ్గించి.

"ఎందుకన్నా?" అన్నాడు యూనస్.

"ఎందుకంటే, నిటారుగా పోయే గోళీని అది కుడికి లాగుద్ది. సంగతి తెలిసినవాడు ఎడమ తాడు కాస్త ఎక్కువ లాగి గట్టెక్కుతాడు. తెలియనోళ్లు గ్యాసులో పడతారు. నీ నోట్లోంచి ఈ మాట బయటికి రాకూడదు."

"నా భార్యక్కూడా చెప్పనన్నా," అన్నాడు యూనస్. అలా అడక్కుండానే ఎందుకన్నాడా అని కిషోర్‌బాబు నందిగామ చేరేదాకా మథనపడ్డాడు.

మొదటి ఆదివారం అంతా అనుకున్నట్టే జరిగింది. రత్నమణి గోళీ సందు దాకా వచ్చి, టక్కున కుడికి తిరిగి గ్యాసు బొక్కలో పడింది. కిషోర్‌బాబు ఎడమ తాడు కాస్త బిగించి, గోళీని నిద్ర దాకా ఊరేగించాడు.

"అబ్బ, ఎంత నేర్పండీ మీ చేతుల్లో! ఇంకోసారి ఆడి చూపించరూ?" అంది రత్నమణి.

ఇంకోసారి ఆడాడు. మరోసారీ ఆడాడు. ఆడినంతసేపూ ఆమె కళ్లు గోళీ మీద లేవు, అతని చేతుల మీద ఉన్నాయి. తర్వాత పలకని శుభ్రంగా తుడిచి, గోళీ పోకుండా పోపులపెట్టెలో దాచి, పాట పాడుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

ఓడిన మనిషి పాటెందుకు పాడుతుంది? కిషోర్‌బాబు ఫ్యాను కింద పడుకున్నాడే గానీ కన్ను మూతపడలేదు. కూరలో ఏమైనా కలిపిందేమోనని ముక్క ముక్కా వాసన చూసి తిన్నాడు. కూర చాలా బాగుంది. అది మరీ అనుమానంగా ఉంది.

రెండో ఆదివారం రత్నమణి గోళీ సందులోంచి నిటారుగా, అదురూ బెదురూ లేకుండా పైకి వెళ్లిపోయింది. కిషోర్‌బాబు నోరు తెరిచాడు. సరే, తనూ ఎక్కిస్తే సమానమవుతుంది కదా అని, అలవాటు ప్రకారం ఎడమ తాడు లాగాడు. గోళీ తిన్నగా వెళ్లి 'అత్తగారొచ్చారు'లో పడింది.

"అయ్యో! కోడి ఫ్రిజ్‌లో ఉందండీ. పసుపేసి కడగండి," అంది రత్నమణి, కాళ్లు చాపుకుని టీవీ పెట్టుకుంటూ.

ఆ రోజు ఆమె గురకపెట్టి నిద్రపోయిన తీరు చూసి, కిషోర్‌బాబు అంట్లని పీచుతో కసిగా రుద్దాడు. అంట్లయ్యాక స్క్రూడ్రైవరు తెచ్చి పలక మీద ఆనించాడు. టక్కున అతుక్కుంది. అయస్కాంతం ఉన్నచోటే ఉంది.

వారమంతా సాధన చేశాడు. కొట్టునుంచి రాగానే "మణీ, గోళీ ఇయ్యి" అనడం, ఆమె పోపులపెట్టెలోంచి తీసివ్వడం, అతను పది సార్లకు పదిసార్లూ నిద్ర దాకా ఎక్కించడం. మూడో ఆదివారం పొద్దున్నే, అవే చేతులు, అదే పలక, గోళీ మళ్లీ అత్తగారి పాలు.

ఇక కిషోర్‌బాబు లోకాన్నంతా అనుమానించాడు. తాళ్లకు నూనె రాసిందేమోనని నాలిక్కి తగిలించి చూశాడు. బల్ల ఎత్తుపల్లాలు కొలిచాడు. ఆదివారం రోజే పలక్కి ఏదో దోషం పట్టుకుంటోందని పంచాంగం తిరగేసి, వర్జ్యానికి దూరంగా ఆట వేళ మార్పించాడు. అన్నిటినీ అనుమానించాడు గానీ చేతిలో ఉన్న గోళీని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. "ఇందులో మోసముంది" అని నోటిదాకా వచ్చేది. ఏం మోసమని అడిగితే ముందు తన మోసం చెప్పుకోవాలి. అందుకని మింగేసేవాడు.

చివరికి పలక సంచిలో పెట్టుకుని మళ్లీ జగ్గయ్యపేట బస్సెక్కాడు.

"యూనస్, నిజం చెప్పు. ఎవరికి చెప్పావ్?"

"అల్లా మీద ఒట్టన్నా, నా నోటితో ఎవరికీ చెప్పలా."

అంతలో యూనస్ భార్య ఇర్ఫానా టీ తెచ్చింది. "తీసుకోండన్నయ్యా. ఆదివారం కూరలో కారం ఎక్కువైందంట కదా?" అని నవ్వుకుంటూ లోపలికెళ్లింది.

నందిగామలో ఉడికిన కూర కారం జగ్గయ్యపేటలో ఎలా తెలిసింది? కిషోర్‌బాబు యూనస్ వంక చూశాడు. యూనస్ టీ వంక చూశాడు. టీలో చక్కెర కూడా మామూలుకన్నా ఎక్కువే ఉంది.

"ఆ మాగ్నెట్‌కి పస తగ్గింది, దీన్ని పెట్టు," అని కిషోర్‌బాబు పాత మైకుసెట్టు స్పీకరులోంచి పీకించిన పెద్ద అయస్కాంతం తీశాడు.

"ఇది మహా గట్టిదన్నా. ఇంట్లో చెంచాలన్నీ వచ్చి కూర్చుంటాయి."

"కూర్చోనీ."

తిరుగు బస్సులో పలక ఒళ్లో పెట్టుకున్నాడు. మిరపతోటల పనినుంచి ఎక్కిన ఒక ముసలమ్మ పక్కన కూర్చుంది. ఆమె సంచిలో ఉన్న కొడవలి సంచితో సహా మెల్లగా జరిగి వచ్చి పలక మీద వాలింది.

"ఏందయ్యా, నా కొడవలి లాక్కుంటన్నావ్?" అంది ముసలమ్మ.

"నేనెందుకు లాక్కుంటానమ్మా, అదే వచ్చింది."

"అదే రావటానికి కుక్కపిల్లా?" అని ఆమె అరిచిన అరుపుకి బస్సంతా అతన్ని కొడవళ్ల దొంగని చూసినట్టు చూసింది. నందిగామలో దిగేటప్పుడు కండక్టరు అతని సంచి కూడా తడిమి చూశాడు. జీవితంలో మొదటిసారి కిషోర్‌బాబుకి, అనుమానించడం కన్నా అనుమానించబడటం ఎంత కష్టమో తెలిసొచ్చింది. అయినా ఇంటికెళ్లి, ఎడమ తాడు ఇంకా గట్టిగా గుంజడం సాధన చేశాడు.

ఆదివారం పొద్దున్నే గుమ్మంలో రత్నమణి తల్లి పున్నమ్మ దిగింది.

"నేనే రమ్మన్నానండీ. మీకు ఏ అనుమానం లేకుండా అమ్మ తీర్పు చెబుతుంది," అంది రత్నమణి.

పున్నమ్మ కళ్లజోడు సర్దుకుని పలక మీది అక్షరాలన్నీ చదివి, నడిమధ్యన ఆగింది. "ఇదేంటి అల్లుడుగారూ, నేనొచ్చిన సంగతి బొక్క చేసి రాశారు?"

"గౌరవంగా మధ్యలో రాశానండీ అత్తయ్యగారూ."

రత్నమణి పోపులపెట్టెలోంచి గోళీ తెచ్చింది. ముందు కిషోర్‌బాబు వంతు. పళ్లు బిగబట్టి ఎడమ తాడు శక్తి కొద్దీ గుంజాడు. గోళీ పరుగు పరుగున వెళ్లి అత్తగారి ఎదుటే అత్తగారిలో పడింది. తర్వాత రత్నమణి రెండు వేళ్లతో తాళ్లు పట్టుకుని, జాకెట్టుకి హుక్కు కుట్టినంత తేలిగ్గా గోళీని నిద్రకి చేర్చింది.

"మోసం!" అని అరిచాడు కిషోర్‌బాబు, ఆపుకోలేక.

"ఏం మోసమండీ?"

"అంటే... అదీ... ఏదో మోసం."

"ఏదీ, నన్ను చూడనివ్వండి," అంటూ పున్నమ్మ పలక తడమడానికి చెయ్యి చాపింది. ఆమె గాజులకి ఒక గుత్తి పిన్నీసులు వేలాడుతున్నాయి. చెయ్యి మధ్యకు రాగానే ఆ గుత్తి టపీమని పలకకి అతుక్కుంది. లాక్కోబోతే పలక కూడా లేచి వచ్చింది.

పున్నమ్మ మొహం తెల్లబోయింది. "అమ్మో! స్వామి నా చెయ్యి పట్టుకున్నాడే మణీ! వేదాద్రి నరసింహస్వామి మొక్కు తీర్చలేదని పట్టుకున్నాడే!"

కిషోర్‌బాబు ఊపిరి పీల్చుకున్నాడు. స్వామి మీదికి పోతే తన మీదికి రాదు కదా అని చేతులు జోడించి నిలబడ్డాడు.

"తండ్రీ, వదులు! వచ్చే వారమే కొండకొస్తా. పొంగలి పెడతా," అంది పున్నమ్మ. చెయ్యి రాలేదు. "ఇంకా చాలదా స్వామీ? మా అల్లుడి చేత తలనీలాలిప్పిస్తా! మీసంతో సహా!"

కిషోర్‌బాబు చెయ్యి చప్పున మీసం మీదికి పోయింది. అత్తగారి నోట ఒకసారి మొక్కు పడితే అది తీరేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

"స్వామి కాదండీ!" అని కేక పెట్టాడు. "మాగ్నెట్! నేనే పెట్టించా! జుట్టు జోలికి పోకండి!"

 రత్నమణి తల్లి గాజులనుంచి పిన్నీసుల గుత్తి విప్పి, చెయ్యి విడిపించింది. తర్వాత పోపులపెట్టె తెచ్చి మూత తీసింది. ఆవాల గిన్నెలో ఒక గోళీ ఉంది. ఇప్పుడాడిన గోళీని మెంతుల గిన్నెలో వేసింది. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి.

"మొదటి రోజు పలక తుడుస్తుంటేనే నా పిన్నీసులూ అతుక్కున్నాయండీ. స్టీలు గిన్నెలు కొనేటప్పుడు మాగ్నెట్ పెట్టి చూస్తాం కదా, మంచి స్టీలుకి అంటుకోదు. ఇర్ఫానా నా బడి స్నేహితురాలు. లేత్ షాపులో అట్లాంటి స్టీలు గోళీ చేయించి పంపింది. మీరు రోజూ ఆడింది ఆవాల గోళీ. ఆదివారం ఆడింది మెంతుల గోళీ. దాన్ని ఎవరూ కుడికి లాగట్లేదు. మీ అంతట మీరే ఎడమకి గుంజి మా అమ్మలో పడుతున్నారు."

కిషోర్‌బాబు ఒకసారి ఆవాల గిన్నె వంక, ఒకసారి మెంతుల గిన్నె వంక చూశాడు.

"నేనడిగింది వారానికి ఒక్క పూట," అంది రత్నమణి. ఆ గొంతులో ఈసారి ఎగతాళి లేదు. "చెయ్యనని చెబితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇంత పలక కట్టించి మోసం చెయ్యాలా?"

ఆ మాటకి కిషోర్‌బాబుకి నిజంగానే సిగ్గేసింది. ఏ అనుమానమూ లేకుండా సిగ్గుపడటం అతనికి కొత్త. స్క్రూలు విప్పి అయస్కాంతం తీసి అవతల పెట్టాడు. "ఇప్పుడు న్యాయంగా ఒక్కసారి ఆడతా మణీ," అన్నాడు. ఆడాడు. గుంజడానికి అలవాటుపడ్డ ఎడమ చెయ్యి ముందే తొందరపడింది, గోళీ మొదటి బొక్క 'పాలు పొంగాయి'లోనే పడిపోయింది. మోసం లేకుండా తను కనిపెట్టిన ఆట తనకి రాదని అప్పుడు తెలిసింది.

వంటింట్లోకి వెళ్లి కోడి కడిగాడు. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉల్లిపాయలు తరిగాడు, అల్లం దంచాడు, కూర దించాడు.

పున్నమ్మ మొదటి ముద్ద తిని కళ్లు పెద్దవి చేసింది. "మా అల్లుడుగారి చేతిలో ఇంత రుచుందని తెలీదే మణీ! ఇకనుంచీ ఆటలెందుకే? ప్రతి ఆదివారం ఈయనే వండాలి."

కిషోర్‌బాబుకి పాత జబ్బు తిరగబెట్టింది. ఇది మెచ్చుకోలా, తల్లీకూతుళ్లు కలిసి వేసిన ఎత్తా? ఎత్తే అయితే దానికి మందు లేకపోలేదు. వచ్చే ఆదివారం కూరలో నాలుగు గరిటెల ఉప్పు పడిందంటే వాళ్లే చేతులు జోడించి తనని ఫ్యాను కిందికి పంపిస్తారు. మళ్లీ వడ్డించడానికని వంటింట్లోకి వచ్చి, ఉప్పుడబ్బా చేతిలోకి తీసుకుని, ఎన్ని గరిటెలైతే సరిపోతుందా అని లెక్క వేస్తున్నాడు.

"ఏవండీ," హాల్లోంచి రత్నమణి గొంతు వినిపించింది. "ఉప్పెక్కువై కూర పాడైతే ఆ పూటే మళ్లీ వండాలి. అంట్లు కూడా రెండింతలవుతాయి. ఊరికే చెబుతున్నా."

కిషోర్‌బాబు చుట్టూ చూశాడు. వంటింటికి కిటికీ అటువైపు లేదు. అద్దమూ లేదు. ఎలా కనిపెట్టిందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఉప్పుడబ్బా మూత పెట్టి, ఎక్కడిదక్కడ సర్ది, అంట్లు ముందేసుకున్నాడు.