మూత పెట్టని ఇంజను

రేవు వర్క్‌షాపులో ఆ ఉదయం చేయవలసిన పనులు ఇవి. ఏరు దాటించే ఒకే ఒక్క లాంచీ ఇంజనును తలకిందులుగా స్టాండు మీద నిలపాలి. నూనె నిలిచే చాంబరు మూత విప్పాలి. నూనె కారకుండా అంచులకు పూసిన పాత సిలికాన్ జిగురు గీకాలి. పెట్రోలు గుడ్డతో తుడవాలి. ట్యూబు నొక్కి, అంచు చుట్టూ కొత్త సిలికాన్‌ను తెగకుండా, ఒకే లావున గీతలా పెట్టాలి. అది ఆరకముందే మూత పెట్టి బోల్టులు బిగించాలి. ఒక రాత్రి ఆరనివ్వాలి. మర్నాడు ఏరు దాటాలి.

గీత పెట్టడం వరకు పనులన్నీ సక్రమంగా పూర్తయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

గీత పెట్టింది మా మేస్త్రీ. అది ప్రతి బోల్టు రంధ్రం దగ్గరా లోపలివైపుగా ఒంపు తిరిగి, మొదలైన చోటికే వచ్చి కలిసింది. ఎక్కడ కలిసిందో తర్వాత మేస్త్రీకే దొరకలేదు. అటుగా వచ్చిన రేవు మేనేజరుగారు చూసి, "ఆగవయ్యా, మూత పెట్టెయ్యకు! పెద్ద ఇంజనీరుగారు చూడొద్దూ?" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మూత పెడితే గీత నలిగిపోతుంది. నలిగాక అది పొందికగా పెట్టిందో, అడ్డదిడ్డంగా పులిమిందో పైవారికి తెలిసే మార్గం లేదు.

ఇంజనీరుగారు భోజనం ముగించుకుని వచ్చారు. అప్పటికి గీత ఆరింది. ఆరిన సిలికాన్ అతకదు కనుక గీకి, మళ్లీ పెట్టారు. ఆయన కళ్లద్దాలు మార్చుకుని చూసి, తడి తెలుసుకోవడానికి వేలు పెట్టారు. వేలు పడిన చోట నూనె కారుతుంది కనుక గీకి, మళ్లీ పెట్టారు. ఇది ముందుదానికంటే బాగుందని ఆయన మెచ్చుకుని, పై ఆఫీసుకు కబురు చేశారు. పరిశీలన పూర్తికాకుండా మూత పెట్టరాదని ఉత్తర్వు వచ్చింది. వెనకాలే కమిటీ వచ్చింది. గీతల వ్యవహారం కాబట్టి హైస్కూలు డ్రాయింగు మాస్టారిని కూడా అందులో వేశారు. ఆయన దూరం నుంచి చూసి, దగ్గర నుంచి చూసి, గీతలో జీవం ఉందన్నారు. సభ్యులందరూ ఒకేసారి రావడం కుదరలేదు. వచ్చిన ప్రతివారికీ తాజా గీత చూపించడం మర్యాద. మేస్త్రీ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికి రావడం మొదలుపెట్టాడు.

ఈ ప్రగతిని అర్థం చేసుకోలేని వ్యక్తి ఒక్కరే. లాంచీ డ్రైవరు అత్తగారు. మనవరాలికి మొదటి పన్ను వచ్చిందంటే చూసి, సాయంత్రానికి వెళ్లిపోదామని అవతలి ఒడ్డు నుంచి వచ్చిందావిడ. ఇప్పుడా పిల్ల ఆ పన్నుకు తోడు మరికొన్ని తెచ్చుకుని బిస్కెట్లు కొరుకుతోంది. ఆవిడ రోజూ పొద్దున్నే షెడ్డు గుమ్మంలో నిలబడేది.

"ఏం మేస్త్రీ, మూత పెట్టారా?"

"లేదు పిన్నిగారూ. ఇవాళ స్టోర్సు ఆఫీసరుగారు చూస్తారట."

"చూసి ఏం చేస్తాడు, నాకుతాడా?"

"ఊరుకోండి అత్తయ్యా, పెద్దవాళ్ల వ్యవహారం," అనేవాడు డ్రైవరు.

"నీకేం బాబూ, వేళకు వండి పెడుతున్నాను. అవతల ఆ మనిషికి ఉప్పేదో పంచదారేదో తెలీదు."

ఆ మనిషి, అంటే ఆవిడ భర్త, రోజూ సాయంత్రం అవతలి ఒడ్డుకు వచ్చి ఖాళీ గిన్నె ఒకటి ఎత్తి చూపేవారు. ఈవిడ ఇటునుంచి రెండు చేతులూ ఊపేది. సంసారం ఆ విధంగా సాగుతుండగా డైరెక్టరుగారు విచ్చేశారు.

"ఈ గీతలో నాకు మన సంస్థ కనిపిస్తోంది," అన్నారాయన మైకులో. "ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి చేరింది. మన పథకాలన్నీ ఇలాగే ఉండాలి!" చప్పట్లు మోగాయి. ఇంజనుకు అద్దాల పెట్టె మంజూరైంది. రేవుకు ఉత్తమ నిర్వహణ అవార్డు కూడా వచ్చింది. చుక్క నూనె కారలేదు, ఒక్క ట్రిప్పు ఆలస్యం కాలేదు, ప్రయాణికుల నుంచి ఫిర్యాదు లేదు. లాంచీ కదలలేదు కదా అని కొందరు గొణిగారు. కారణాలు వెతకడం అవార్డు కమిటీ పని కాదు.

అవార్డు వచ్చిన రోజు సాయంత్రం అవతలి ఒడ్డున గిన్నె కనిపించలేదు. ఆవిడ చీకటి పడేదాకా చూసి, తిన్నగా షెడ్డుకు వచ్చి, మూలన పడున్న పాత తెడ్ల పడవను చూపించింది. దాని పగుళ్లలోంచి నేల కనిపిస్తోంది.

"మేస్త్రీ, దీనికి పుయ్యి."

"ఇది ఇంజన్లకు పూసేది పిన్నిగారూ. చెక్కకు అందంగా రాదు."

"అందం నాకెందుకయ్యా? ఏరు దాటేదాకా ఉంటే చాలు."

మేస్త్రీ ఇస్త్రీ చొక్కా విప్పి గోడకు తగిలించాడు. సగం వాడిన ట్యూబులన్నీ పిండి, బొటనవేలితో పగుళ్లలోకి కూరాడు. ఎక్కడ చూసినా ముద్దలు, వేలిముద్రలు. దాన్ని చూడటానికి ఎవరూ రాలేదు కనుక రాత్రంతా ఆరింది. పొద్దున్న అల్లుడు తెడ్డు వేశాడు. ఆరడం, ఏరు దాటడం అనే ఆఖరి రెండు పనులూ ఆ విధంగా పూర్తయ్యాయి. ఆవిడ వెళ్లేసరికి ఆయన తన వంట తానే తిని, కడుపు పట్టుకుని పడుకుని ఉన్నారట. వారం రోజులు చారునీళ్లు తాగి లేచారు.

అందవిహీనంగా పని చేసినందుకు మేస్త్రీకి నోటీసు ఇచ్చారు. షెడ్డు పనివాళ్లలో చదువుకున్నవాణ్ణి కనుక నన్నే రాయమన్నారు. మా ఇంట్లో అంతవరకు నోటీసులు అందుకున్నవాళ్లే గాని రాసినవాళ్లు లేరు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మేనేజరుగారు మెచ్చుకున్నారు.

అవతలి ఒడ్డు నుంచి వచ్చే సందర్శకులకు ప్రస్తుతం ఆ తెడ్ల పడవే గతి. మీరూ అందులోనే వస్తారు. కాళ్ల దగ్గరి ముద్దలు చూసి ముఖం చిట్లిస్తారు. తర్వాత అద్దాల పెట్టె ముందు నిలబడి, 'ఆహా, ఎంత పొందికగా పెట్టాడు!' అని ఫొటో తీసుకుంటారు. అందరూ అలాగే చేస్తున్నారు, మొహమాటపడకండి. నాదొక్కటే మనవి. ఫొటో తీసే ముందు ఆ డ్రైవరు అత్తగారిని ఒక్కసారి తలుచుకోండి. ఇంతమందిమి చూశాం గాని, మూత పెట్టారా అని అడిగింది ఆవిడ ఒక్కతే.